రేవతి కథను తిరగరాయబోతున్న నీకు

కడప

నాయనా, ఆశీస్సులు.

రేవతీ కకుద్ముల వృత్తాంతాన్ని పిల్లల కోసం సైన్స్ ఫిక్షన్ కథగా మలిచి నువ్వు పంపిన రాతప్రతిని శ్రద్ధగా చదివాను. కూతురు రేవతికి తగిన వరుడెవరో బ్రహ్మనే అడుగుదామని వెళ్లిన కకుద్మి రాజు, అక్కడ ఉన్న కాసేపట్లోనే భూమి మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయని తెలుసుకునే ఈ భాగవత కథను ఎంచుకోవడం నాకెంతో నచ్చింది.

అయితే మూలంలో వాళ్ల ఆలస్యానికి కారణం గంధర్వగానం. పాట సాగుతుండగా అడ్డుపడకూడదని ఆగిన ఆ కాసేపటికే అయినవాళ్లందరూ కాలంలో కలిసిపోయారు. నువ్వు దాన్ని ఇంజిన్ మరమ్మతుగా మార్చావు. ఇంజిన్ పాడైతే చదివే పిల్లలు ఇంజిన్‌ను తిట్టుకుంటారు గానీ, మర్యాద పాటించి సర్వస్వం పోగొట్టుకున్న ఆ ఇద్దరి కోసం బాధపడరు. పాటను మళ్లీ కథలోకి తీసుకురా.

ఇక లెక్క. మహాయుగానికి 43,20,000 ఏళ్లు కనుక ఇరవై ఏడింటికి 11,66,40,000 ఏళ్లు. నీ నౌక కాంతి వేగంలో 99 శాతం వేగంతో పోతుందని రాశావు. ఆ వేగంలో నౌకలో ఒక ఏడాది గడిస్తే భూమి మీద గడిచేది సుమారు ఏడేళ్లే. ఏడేళ్లకు ఊరు మారుతుందేమో గానీ యుగం మారదు. కథను కాలం ఎంతో నెమ్మదిగా నడిచే కృష్ణబిలం (బ్లాక్ హోల్) అంచుకు చేర్చు, లేదా నౌక వేగాన్ని అంకెల్లో చెప్పడం మానుకో.

పదకొండున్నర కోట్ల ఏళ్లంటే ఏమిటో పిల్లలకు అంకె చెప్పదు. ఆనాడు భూమి మీద డైనోసార్లు తిరుగుతున్నాయి, మనిషి జాడే లేదు. కకుద్మి రాజధాని కుశస్థలిని పెన్నా ఒడ్డుకు మార్చమని నేననడం లేదు, అది పడమటి సముద్రతీరపు నగరం, అక్కడే ఉండాలి. కానీ రాసే ముందు ఒక సాయంత్రం గండికోటకు వెళ్లి, లోయ గోడల్లో పొరలు పొరలుగా కనిపించే రాళ్లను చూసి రా. వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. రేవతి బయలుదేరిన నాటికే అవి ముసలి రాళ్లు. తిరిగొచ్చిన ఆమె గుర్తుపట్టగలిగేది మనుషులనో చెట్లనో కాదు, నదులను కూడా కాదు, అలాంటి రాతినేలనే. ఆ ఒక్క పేజీని నిదానంగా రాయి.

రేవతి తనకంటే బాగా పొడవుగా ఉండటం చూసి, ఆమెను పెళ్లాడిన బలరాముడు నాగలితో ఆమె ఎత్తు తగ్గించాడని విష్ణుపురాణం చెబుతుంది. నువ్వు ఆ ఘట్టాన్ని వదిలేశావు, ఎందుకో తెలియదు. భారరహిత స్థితిలో వెన్నెముక సాగి వ్యోమగాములు మూడు శాతం వరకు పొడవు పెరుగుతారు, భూమికి తిరిగొచ్చాక మామూలు ఎత్తుకు వస్తారు. పురాణమే నీ చేతికి అందించిన ఈ అవకాశాన్ని జారవిడుచుకోవద్దు.

నీ ముందుమాటను మాత్రం పూర్తిగా తీసేయమని గట్టిగా చెబుతున్నాను. 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన సాపేక్షతా సిద్ధాంతం మన పూర్వులకు ముందే తెలుసని రాశావు. కాలం అందరికీ ఒకేలా నడవదన్న ఊహ మన కథకులకు వచ్చింది, అది గొప్ప ఊహ; ఎంత తేడాగా నడుస్తుందో గణితంతో తేల్చి, ప్రయోగాలతో రుజువు చేసింది ఆధునిక భౌతికశాస్త్రం. ఈ రెండింటినీ కలిపేస్తే కథకుడికీ శాస్త్రవేత్తకూ అన్యాయం జరుగుతుంది, నమ్మి చదివిన పిల్లలకు అంతకంటే ఎక్కువ.

చివరగా, నీ కథంతటిలో రేవతి ఒక్క మాటా మాట్లాడలేదు. వరుల జాబితా తండ్రిది, తీర్పు బ్రహ్మది. పన్నెండేళ్ల అమ్మాయి ఈ కథ చదివితే మొదట అడిగేది రేవతి ఏమనుకుందనే. నౌక దిగి, తనవాళ్లెవరూ లేని నేల మీద నిలబడినప్పుడైనా ఆమెను మాట్లాడనివ్వు.

సవరించిన ప్రతిని నాకంటే ముందు మీ వీధి పిల్లలకు చదివి వినిపించు. వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ రాసి, ప్రతితో పాటు నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి