రెగ్యులేషన్, డైరెక్టివ్: ఆ కాగితం ఎవరితో మాట్లాడుతోంది?

బెంగళూరులో న్యాయశాస్త్రం మూడో ఏడాది చదువుతున్నానని, అధిజాతీయ చట్టం (ఐరోపా సమాఖ్యలా దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ చేసే, ఆ దేశాల మీద పనిచేసే చట్టం) మూలాలు, రకాలు ఎన్నిసార్లు చదివినా కలగాపులగం అవుతున్నాయని, అది అంతర్జాతీయ చట్టమేనా కాదా అని మీరు అడిగారు. నేను న్యాయవాదిని కాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో కాంట్రాక్టులు చూసే ఉద్యోగిని. పరీక్షలో రాయదగ్గ నిర్వచనాలు నా దగ్గర దొరకవు. తలవంపులు పడి నేర్చుకున్నది చెబుతాను.

2016లో, ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, ఒక జర్మనీ ఖాతాదారుకు వ్యక్తిగత సమాచార రక్షణ గురించి జవాబు తయారు చేశాను. 1995 నాటి ఐరోపా సమాఖ్య డైరెక్టివ్‌లోని అధికరణాలను వరసపెట్టి ఉటంకించి, వాటి ప్రకారం మీకు ఫలానా బాధ్యత ఉందని ధీమాగా రాశాను. అటునుంచి వాళ్ల న్యాయవాది ఒకే మాట రాశారు: అది మా ప్రభుత్వానికి రాసినది, మాకు కాదు, మా దేశ చట్టం చూడండి.

ఆ మధ్యాహ్నం మా విభాగంలోని కర్నూలు అక్క డబ్బా విప్పుతూ చెప్పిన పోలిక ఇప్పటికీ మరిచిపోలేదు. "చూడు తమ్ముడూ, పండగకు అందరి విస్తళ్లలో పులిహోర ఉండాలి అన్నంత వరకే పెద్దలు చెబితే అది డైరెక్టివ్. చింతపండు వేస్తావా, నిమ్మకాయ పిండుతావా అన్నది నీ వంటింటి సంగతి. ఒకే వంటశాలలో వండి నేరుగా అందరి విస్తళ్లలో వడ్డిస్తే అది రెగ్యులేషన్." ఐరోపా సమాఖ్య పనితీరు ఒప్పందంలోని 288వ అధికరణం చెప్పేది ఇదే. అందులోని మిగతా రకాల్లో, నిర్ణయం ఎవరిని ఉద్దేశిస్తే వారినే కట్టిపడేస్తుంది. సిఫారసు, అభిప్రాయం ఎవరినీ కట్టిపడేయవు.

వీటన్నిటికీ పైన ఒప్పందాలు ఉంటాయి. 1957 నాటి రోమ్ ఒప్పందం, 1992లో సంతకాలైన మాస్ట్రిక్ట్ ఒప్పందం ఎన్నో సవరణలతో నేటి రూపానికి వచ్చాయి. 2009 డిసెంబరు 1 నుంచి ప్రాథమిక హక్కుల పత్రానికీ వాటితో సమాన విలువ ఉంది. వీటిని ప్రాథమిక చట్టం అంటారు. రెగ్యులేషన్లు, డైరెక్టివ్‌లు వీటి నుంచి పుట్టిన ద్వితీయ చట్టం. ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది.

అసలు రుచి లక్సెంబర్గ్‌లో ఉన్న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం తీర్పుల్లో ఉంది. మన దగ్గర ప్రభుత్వం విదేశాలతో ఒప్పందం చేసుకున్నంత మాత్రాన పౌరుడు దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లి హక్కు అడగడం కష్టం. దాన్ని అమలు చేసే చట్టం చేయడానికి రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటుకు అధికారం ఉంది. మామూలు అంతర్జాతీయ చట్టం దేశాల మధ్య మాట. నెదర్లాండ్స్ సంస్థ వాన్ గెండ్ ఎన్ లోస్, జర్మనీ నుంచి తెచ్చుకున్న ఒక రసాయనం మీద సుంకం 3 శాతం నుంచి 8 శాతానికి పెరగడం రోమ్ ఒప్పందానికి విరుద్ధమని వ్యాజ్యం వేసింది. 1963లో లక్సెంబర్గ్ న్యాయస్థానం ఏమందంటే, ఈ ఒప్పందం దేశాలకే కాదు, పౌరులకూ హక్కులు ఇస్తుంది, వాటిని వారి దేశ కోర్టులు కాపాడాలి. మరుసటి ఏడు తీర్పు వచ్చిన కేసులో, ఇటలీలో కోస్టా అనే న్యాయవాది, విద్యుత్ జాతీయీకరణకు నిరసనగా, కరెంటు బిల్లు కట్టనని మొండికేశారు. ఆ చిన్న బిల్లు తగాదాలోంచే ఐరోపా ఉమ్మడి చట్టం దేశ చట్టం కంటే పైది అన్న సూత్రం వచ్చింది. ఇంత పెద్ద సూత్రం ఒప్పందాల అధికరణాల్లో ఎంత వెతికినా కనిపించదు, ఒక అనుబంధ ప్రకటనలో తప్ప. నా దృష్టిలో అధిజాతీయం అన్న మాటకు ప్రాణం పోసింది ఈ రెండు తీర్పులే.

డైరెక్టివ్ దగ్గర నాలాగే బోర్లాపడిన ఒకావిడ కథ 1994 నాటి తీర్పులో ఉంది. ఫాచీనీ డోరి అనే ఆమె మిలాన్ రైల్వే స్టేషన్ దగ్గర, మన బెంగళూరు మెజెస్టిక్‌లో ఎవరో ఆపి అంటగట్టినట్టు, ఒక ఇంగ్లిషు కోర్సు కొనేశారు. తర్వాత వద్దనుకున్నారు. రద్దు చేసుకునే హక్కు ఒక డైరెక్టివ్‌లో ఉంది కానీ, గడువు దాటినా ఇటలీ దాన్ని తన చట్టంగా మార్చలేదు. ప్రభుత్వం మీదైతే గడువు దాటిన డైరెక్టివ్‌ను, అందులోని మాట స్పష్టంగా ఉంటే, నేరుగా ప్రయోగించవచ్చు, ఒక ప్రైవేటు వ్యాపారి మీద ప్రయోగించలేరు అని న్యాయస్థానం తేల్చింది. పులిహోర వండని వంటింటిని నిలదీయవచ్చు గానీ పక్క విస్తరిలోంచి లాక్కోకూడదన్నమాట. నిలదీయడం ఎలాగో 1991లోనే ఫ్రాంకోవిచ్ కేసు చెప్పింది: అమలు చేయనందుకు నష్టం జరిగితే, కొన్ని షరతులకు లోబడి, ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలి.

మా పని మారిపోయింది 2018 మే 25న. నేను ఉటంకించిన 1995 నాటి డైరెక్టివ్ పోయి దాని స్థానంలో, వ్యక్తిగత సమాచార రక్షణకే, జీడీపీఆర్ అనే రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. అక్కడివాళ్లకు సరుకులో సేవలో అందిస్తే, బెంగళూరులో కూర్చున్న సంస్థకూ అది వర్తించవచ్చు. జరిమానా 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు ఉండవచ్చు. ఈ అంకె చెప్పాక మా యాజమాన్యం సమావేశాలకు వేళకు రావడం మొదలుపెట్టింది.

ఇంకొక చిక్కు: స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానం ఐరోపా సమాఖ్యది కాదు, ఐరోపా మండలి అనే వేరే సంస్థది. లక్సెంబర్గ్‌లో ఉన్నది సమాఖ్యది. జవాబు పత్రాల్లో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

చదవబోయే పత్రం ఏ రకమో తేలకపోతే దాని చివరికి వెళ్లండి. రెగ్యులేషన్ అయితే సభ్య దేశాలన్నిటిలో నేరుగా వర్తిస్తుందని ఉంటుంది. డైరెక్టివ్ అయితే సభ్య దేశాలను ఉద్దేశించినదని ఉంటుంది. 1995 నాటి ఆ డైరెక్టివ్‌లో కూడా ఆ వాక్యం ఉంది, ఆఖరిదైన 34వ అధికరణంలో. నేను అంతదాకా చదవలేదు.