‘వినుట’ మీద వాక్యం చెప్పబోతున్న నీకు

ప్రభువునందు ప్రియమైన నాయనకు,

యేసుక్రీస్తు నామమున శుభములు. నీ ఉత్తరం అందింది. వచ్చే నెల యౌవనుల కూడికలో ‘వినుట’ అనే అంశం మీద వాక్యం చెప్పే పని మీ కాపరిగారు నీకు అప్పగించారని, నిఘంటువు తెరిస్తే ఆ ఒక్క క్రియకే ఎన్నో అర్థాలు కనిపించి ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. నీకు అప్పగించినది చిన్న మాట కాదు. పాత నిబంధనలో ‘షామా’ అనే ఈ హెబ్రీ క్రియ వెయ్యి సార్లకు పైగా వస్తుంది. అందుకే ముందుగా ఒక మాట చెబుతున్నాను: అర్థాల జాబితా పట్టుకుని మాత్రం పుల్పిట్ ఎక్కవద్దు.

నేను ఆ పని చేశాను. సేవలోకి వచ్చిన తొలి సంవత్సరాలలో ఒక పల్లె సంఘంలో ఇదే క్రియ మీద ప్రసంగించి, దీనికి వినడం, ఆలకించడం, గ్రహించడం, లోబడడం, తీర్పు కోసం విచారించడం అనే అర్థాలున్నాయని వరుసగా చదివి, ఒక్కొక్క దానికి ఒక వచనం చూపించాను. కూడిక ముగిశాక, పొలం పనికి వెళ్లే ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చి, ‘అయ్యగారూ, మా పిల్లోడు నా మాట వినడం లేదయ్యా అంటాం కదా, మీరు ఇంతసేపూ చెప్పింది అదేనా?’ అని అడిగింది. ఆమె అడిగినదే అసలు సంగతి. నేను పుస్తకాలలో వెదికిన తాళంచెవి ఆమె నోట్లోనే ఉంది.

మన తెలుగులో ‘పాట విన్నాడు’ అంటే చెవికి సంబంధించిన సంగతి, ‘మాట విన్నాడు’ అంటే చెప్పినట్టు చేశాడని. మాట వినని పిల్లవాడికి చెవుడు ఉండదు, మనం పలికిన ప్రతి అక్షరమూ వాడి చెవిన పడే ఉంటుంది. నా వయసు వాళ్లం ‘ఒళ్లు మాట వినడం లేదు’ అని కూడా అంటాం. హెబ్రీ భాష నడిచేదీ ఈ దారినే. ‘కోల్’ అంటే స్వరం; ఒకరి స్వరాన్ని వినడం అంటే ఆ మనిషి చెప్పినదానికి లోబడడం. తెలుగులో పుట్టినవాడికి ఇది వివరించి చెప్పవలసిన పని లేదు కాబట్టి, ఇంగ్లీషు వ్యాఖ్యానాలలో ఈ ఒక్క విషయానికి వెచ్చించే పేజీలు నీకు అక్కరలేదు. నీ శ్రోతలకు ఇంటిదగ్గర అలవాటైన మాటతోనే మొదలుపెట్టు.

ఆ తరువాత బైబిలంతా తిరగకుండా ఒక్క అధ్యాయంలో కూర్చోమని నా సలహా. 1 సమూయేలు 15 తీసుకో. అక్కడ హెబ్రీ మూలంలో ఈ క్రియ ఎనిమిది సార్లు వస్తుంది. మొదటి వచనంలో ప్రవక్తయైన సమూయేలు రాజైన సౌలును యెహోవా మాటల స్వరం వినమంటాడు. నాలుగో వచనంలో సౌలు జనులను పోగుచేశాడని మన బైబిలులో ఉన్నచోట, మూలంలో ఉన్నది ఇదే క్రియకు ప్రేరణరూపం, అంటే జనులకు ‘వినిపించాడు’ అని. యుద్ధం ముగిసింది. అమాలేకీయులను, వారి పశువులను ఏమీ మిగల్చకుండా నిర్మూలించమన్న ఆ ఆజ్ఞ మన మనస్సును కలవరపెట్టేదే, నీ యౌవనులు దాని గురించి అడుగుతారు. తప్పించుకోకుండా, దానికి వేరుగా సమయం కేటాయించి మాట్లాడు. ఇక్కడ మాత్రం క్రియను వదలవద్దు. గిల్గాలులో సమూయేలు తన దగ్గరకు రాగానే సౌలు, యెహోవా ఆజ్ఞను నెరవేర్చానని నిండు నోటితో చెబుతాడు. అప్పుడు పద్నాలుగో వచనంలో సమూయేలు, ‘అలాగైతే నాకు వినబడుతున్న గొఱ్ఱెల అరుపులు, ఎడ్ల రంకెలు ఎక్కడివి?’ అని అడుగుతాడు. మూలంలో ఆ అరుపులకు, ఆ రంకెలకు వాడినది కూడా ‘కోల్’ అనే మాటే, దేవుని స్వరానికి వాడినదే. రాజు చెవులు ఏ స్వరాన్ని వినలేదో, ప్రవక్త చెవులకు దాని బదులు ఏ స్వరం వినబడుతోందో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పంతొమ్మిదో వచనంలో ‘ఎందుకు వినలేదు’ అని సమూయేలు నిలదీస్తే, ఇరవయ్యో వచనంలో ‘విన్నాను’ అని సౌలు వాదిస్తాడు. చివరకు ఇరవై నాలుగులో నిజం బయటపడుతుంది. జనులకు జడిసి వారి మాట విన్నానని అతడే ఒప్పుకుంటాడు. వినడం మానేసిన మనిషి ఉండడు నాయనా, ఒకరిది మానితే ఇంకొకరిది వింటాడు. సౌలు కథలో క్రియ మారలేదు, స్వరం మారింది. ఇది నీ యౌవనులకు ఏ వ్యాఖ్యానమూ లేకుండా అందుతుంది.

ఈ అధ్యాయంలోనే నీకు ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బలులకంటె ‘ఆజ్ఞను గైకొనుటయు’, పొట్టేళ్ల క్రొవ్వుకంటె ‘మాట వినుటయు’ శ్రేష్ఠమని ఇరవై రెండో వచనం. తెలుగు మాత్రమే చూసి, రెండోది మన క్రియే అనుకుని బలంగా చెప్పాలనిపిస్తుంది. మూలంలో ‘షామా’ ఉన్నది మొదటిచోట, ఆజ్ఞను గైకొనుట అని అనువదించిన దగ్గర. మాట వినుట అన్నచోట ఉన్నది చెవి ఒగ్గడం, శ్రద్ధగా ఆలకించడం అనే అర్థమిచ్చే వేరే క్రియ. అర్థానికి భంగమేమీ లేదు, మన అనువాదకులు ఎరిగే చేశారు. అయితే క్రియను వెంటాడేవాడు తెలుగు మాటను మాత్రమే నమ్ముకుంటే దారి తప్పుతాడు. నీ ఫోనులో బైబిలు యాప్ ఉంది కదా, దానిలో మూలభాషలోని ఒక్కొక్క మాటకు ఇచ్చిన స్ట్రాంగ్ సంఖ్యలలో ‘షామా’ది 8085, దానిని చూడు. ఆ క్రియ ఎక్కడెక్కడ తెలుగులో వేరే వేషంలో ఉందో తెలుస్తుంది. బాబెలు దగ్గర ఒకని మాట ఒకనికి ‘తెలియకుండ’ అన్నచోట మూలం ‘వినకుండ’ అనే అంటుంది. సీనాయి దగ్గర జనులు ‘విధేయులమై యుందుము’ అన్నచోట ఉన్నది ‘చేస్తాం, వింటాం’ అని. చేయడం ముందు, వినడం తరువాత వచ్చిన ఆ వరుస మీద యూదు బోధకులు తరతరాలుగా ఆలోచించారు.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది సొలొమోను ప్రార్థన. గిబియోనులో దేవుడు ఏమి కావాలో అడుగుమంటే ఆ యౌవన రాజు ‘వివేకముగల హృదయము’ అడిగాడని మనం చదువుతాం. మూలంలో అతడు అడిగినది ‘వినే హృదయం’. ఆ వెంటనే ఇద్దరు స్త్రీలు ఒక బిడ్డ కోసం పోట్లాడుతూ వస్తారు. అందరికీ కత్తి గుర్తుంటుంది గానీ, కత్తి తెమ్మనడానికి ముందు రాజు ఏమి చేశాడో చూడు: బ్రదికినవాడు నా బిడ్డ, చచ్చినవాడు నీ బిడ్డ అని ఈమె అంటోంది, కాదు చచ్చినవాడే నీ బిడ్డ అని ఆమె అంటోంది అని ఇద్దరి మాటలనూ వారు చెప్పినట్టే తిరిగి పలికాడు. అడిగి పొందిన హృదయం అక్కడ పనిచేస్తోంది. సంఘంలో పెద్దగా కూర్చుని తగవులు విన్న సంవత్సరాలలో, తీర్పు చెప్పబోయే ముందు ఇరుపక్షాల మాటలనూ వారికే తిరిగి చెప్పడం ఈ వచనం దగ్గరే నేర్చుకున్నాను.

వినేవాడు మనిషి మాత్రమే కాదని చెప్పకుండా ప్రసంగం ముగించవద్దు. ఈ క్రియకు దేవుడు కర్త అయ్యే చోట్లు ఎన్నో ఉన్నాయి. అలసిపోయి వచ్చినవారికి నీ ప్రసంగంలో ఆదరణ దొరికేది అక్కడే. ఐగుప్తులో ఇశ్రాయేలీయుల మూలుగు ఆయన విన్నాడు. లేయా తనకు జరిగిన అన్యాయాన్ని ఆయన విన్నాడని రెండో కొడుకుకు షిమ్యోను అని పేరు పెట్టింది. ఇష్మాయేలు అంటే ‘దేవుడు వింటాడు’ అని. ఆదికాండము 21లో అతని తల్లి హాగరును, ఆ పిల్లవాడిని పంపివేసిన కథ నెమ్మదిగా చదువు. అక్కడ ఆ బాలుడిని దాసి కుమారుడు, చిన్నవాడు అని అంటారే తప్ప ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవరు. తిత్తిలో నీళ్లు అయిపోయి, తల్లి అతడిని పొద క్రింద విడిచి దూరంగా కూర్చుని ఏడుస్తున్నప్పుడు, పదిహేడో వచనంలో దేవుడు ఆ చిన్నవాని మొర విన్నాడు. హెబ్రీలో ఆ ‘విన్నాడు దేవుడు’ అనే రెండు మాటలలో అతని పేరే మోగుతుంది. మనుషులెవరూ పలకని ఆ పేరు దేవుని క్రియలో ఉంది. ఇది చెప్పేటప్పుడు గొంతు పెంచవద్దు, మెల్లగా చెబితే చాలు.

కొత్త నిబంధనకు ఎక్కువ సమయం తీసుకోకు. విత్తువాని ఉపమానం మార్కు సువార్తలో ‘వినుడి’ అని మొదలై, వినుటకు చెవులు గలవాడు వినును గాక అని ముగుస్తుందని చూపించు. రోమా 10లో ‘లోబడలేదు’ అన్న మాట, ‘వినుట’ అన్న మాట గ్రీకులో ఒకే వేరు నుండి వచ్చినవని ఒక్క వాక్యంలో చెప్పు. అయితే వేరును చీల్చి అర్థం చెప్పే అలవాటు మాత్రం చేసుకోవద్దు. మాటకు అర్థం అది వాడిన వాక్యంలో ఉంటుంది. ఒక మాటకున్న అర్థాలన్నిటినీ తెచ్చి ఒకే వచనం మీద కుమ్మరించడం తప్పని 1961లోనే జేమ్స్ బార్ అనే పండితుడు గట్టిగా వాదించాడు. నీ తరం బోధకులలో ఈ తప్పు ఇంకా ఎక్కువగా వినబడుతోంది.

నిన్ను రెండు చోట్ల ప్రత్యేకంగా హెచ్చరించాలి. ఆదికాండము 3:17లో ‘నీ భార్య మాట విని’ అన్న మాటను పట్టుకుని, ఆడవాళ్ల మాట వినకూడదని చెప్పేవారు మన సంఘాలలో ఉన్నారు. ఎవరైనా కూడికలో ఆ మాట ఎత్తితే అదే గ్రంథంలో 21:12 చదివించు. అక్కడ దేవుడే అబ్రాహాముతో, శారా నీతో చెప్పు ప్రతి విషయంలోనూ ఆమె మాట వినుమని ఆజ్ఞాపించాడు. మూలంలో రెండు చోట్లా అదే క్రియ, అదే ‘కోల్’. రెండోది, మీ సంఘంలో చెవులు వినబడని ఆ అన్నదమ్ములిద్దరూ ముందు వరుసలోనే కూర్చుంటారని నాకు తెలుసు. చెవిటితనాన్ని పాపానికి గుర్తుగా నోటికి వచ్చినట్టు వాడవద్దు. చెవిటివాని తిట్టకూడదని లేవీయకాండము చెబుతుంది. సౌలు చెవులు శుభ్రంగా వినబడేవి. నీవు చెప్పేది హృదయం వినడాన్ని గురించి అని వారికి సైగలతో తెలియజేసే మనిషిని ముందుగానే ఏర్పాటు చెయ్యి.

‘ఇశ్రాయేలూ వినుము’ అన్న వచనంతో ప్రారంభించాలనుకుంటున్నానని రాశావు. మంచిదే. భక్తిగల యూదులు ఉదయం, సాయంత్రం దానిని పలుకుతారు, పలికేటప్పుడు కుడిచేతితో కళ్లు మూసుకునే ఆచారం ఉంది. ఎందుకు కళ్లు, ఎందుకు చెవులు అని ఎవరైనా అడిగితే ద్వితీయోపదేశకాండము 4:12 చూపించు; కొండ దగ్గర వారు ఏ స్వరూపమునూ చూడలేదు, స్వరం మాత్రమే విన్నారు.

ఇక ప్రసంగానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. 1 సమూయేలు 15ను ఇంట్లో ఎవరిచేతనైనా పైకి చదివించుకుని, నీవు పుస్తకం మూసి కూర్చుని విను. మీ అమ్మ చదివితే మరీ మంచిది, ఆమె చదువు నిదానంగా ఉంటుంది. కూడికలో కూడా అధ్యాయమంతా ఒక చెల్లెలి చేతనో తమ్ముడి చేతనో చదివించు, పద్నాలుగో వచనం దగ్గర కొంచెంసేపు ఆగమని ముందే చెప్పి ఉంచు. నోట్సు రాసుకున్నాక నాకు పంపు, చదివి తిరిగి రాస్తాను.

ప్రభువునందు,
నీ పెద్దనాన్న