మీరడిగారు: రష్యా ఆర్కెస్ట్రా రికార్డింగులు ఎట్టా వినాలి?

పోయిన సంచికలో రష్యా కంపోజర్ చైకోవ్‌స్కీ గురించి రాసినప్పట్నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తానే ఉన్నాయి, చాలా సంతోషం. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు, ఎక్కువమంది అడిగినవి నాలుగు తీసుకున్నా.

ప్రశ్న: మా పెదనాన్న పాత కమ్యూనిస్టు. ఆయన బీరువాలో సోవియట్ ఎల్పీ రికార్డులు కొన్ని దొరికాయి, మెలోదియా కంపెనీవి. అందులో 1812 ఓవర్చర్ వింటే చివర్లో ఫిరంగులు పేలే కాడ వచ్చే ట్యూను, యూట్యూబ్‌లో వచ్చే ట్యూను ఒకటి కాదు. రికార్డులో తేడానా, నా చెవుల్లోనా? – కావలి

జవాబు: రికార్డులోనూ మీ చెవుల్లోనూ లోపం లేదన్నా, అసలు ఇది పట్టుకున్నారంటే మీరు ఎంత శ్రద్ధగా వింటున్నారో తెలుస్తానే ఉంది. 1812లో నెపోలియన్ రష్యా మీదికొచ్చి దెబ్బతిని పోయిన కథని చైకోవ్‌స్కీ 1880లో ఈ ఓవర్చర్‌గా (ఆర్కెస్ట్రా కోసం రాసే ఒక చిన్న రచన) సంగీతం చేశాడు. ఫ్రెంచి సైన్యానికి గుర్తుగా ఫ్రాన్సు జాతీయ గీతం మార్సెయ్యేజ్ పెట్టాడు, రష్యా గెలుపుకి గుర్తుగా 'దేవుడా, జార్‌ని కాపాడు' అనే రాజుగారి గీతం పెట్టాడు. ఆ గీతం పుట్టిందే 1833లో, అంటే యుద్ధం అయిపోయిన ఇరవై ఏళ్ళకి, అయినా 1880లో వినే జనానికి అదే తెలుసు కాబట్టి అదే వాడాడు. 1917లో జార్ గద్దె దిగాడు, ఇంక సోవియట్ యూనియన్లో ఆ పాట వాయించేదెవరు? అందుకని విస్సారియన్ షెబాలిన్ అనే కంపోజర్ ఆ గీతం ఉన్న చోటల్లా తీసేసి గ్లింకా రాసిన ఆపెరా (పాటలతోనే నడిచే నాటకం) 'ఇవాన్ సుసానిన్' చివర్లో వచ్చే కోరస్ ట్యూను పెట్టాడు. ఆ ఆపెరాకి 1836లో పెట్టిన పేరు కూడా 'జార్ కోసం ప్రాణం', దాని పేరూ మార్చేశారు.

ఈసారి రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. మొదలు ఒకటే, నాలుగు చెల్లోలు రెండు వయోలాలు (ఫిడేలు జాతివే, దానికన్నా పెద్దవి) కలిసి చర్చి ప్రార్థన నెమ్మదిగా ఎత్తుకుంటాయి. చివర్లో గంటలతో అదే ప్రార్థనని ఆర్కెస్ట్రా మొత్తం ఎలుగెత్తి వాయిస్తుంది, అదీ రెంట్లో ఒకటే. ఆ తర్వాత ఒక్కసారిగా స్పీడ్ అందుకుని ఫిరంగులు మొదలవుతాయి చూడండి, అప్పుడు పైన ఫిడేళ్ళ హడావుడి వదిలేసి కింద బరువు బాకాల్లో వచ్చే ట్యూను మీద చెవి పెట్టండి, తేడా అక్కడే దొరుకుతుంది. నా మట్టుకు నాకు చైకోవ్‌స్కీ రాసిందే బాగుంటుంది, గ్లింకా ట్యూను గొప్పదే గానీ ఈ చోటు కోసం పుట్టింది కాదు. అయినా మీ రికార్డు మాత్రం భద్రంగా ఉంచుకోండి, ఒక దేశం తన పాత పాటని ఎట్టా పక్కన పెట్టిందో దాంట్లో వినపడతా ఉంది.

ఫిరంగుల మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. చైకోవ్‌స్కీ నొటేషన్లో పదహారు దెబ్బలు రాశాడు, మధ్యలో అయిదు, చివర్లో పదకొండు. 1954లో అమెరికాలో మినియాపోలిస్ ఆర్కెస్ట్రాతో కండక్టర్ (ఆర్కెస్ట్రాని నడిపించేవాడు) ఆంటల్ డొరాటి చేసిన రికార్డింగుకి వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో పాత ఫిరంగి విడిగా పేల్చి ఆ శబ్దం తెచ్చి కలిపారు. 1978లో సిన్సినాటిలో ఎరిక్ కుంజెల్ చేసిన డిజిటల్ రికార్డింగ్ అయితే ఫిరంగి దెబ్బకి స్పీకర్లు పోతాయి జాగ్రత్త అని అట్ట మీదే అచ్చేసి అమ్మారు, ఎల్పీలో ఆ చోట గాడి అంత అడ్డదిడ్డంగా తిరిగి ఉంటుంది, మామూలు ప్లేయర్లో ముల్లు ఎగిరిపోయేది. మీ ప్లేయర్ పాతదైతే ఆ ఎల్పీ జోలికి పోవద్దు.

ప్రశ్న: సార్, మెల్లగా ఉన్నప్పుడు ఏమీ వినపడటం లేదని సౌండ్ పెంచుతా, వెంటనే ఢాం అని పడతది, ఇంట్లో అందరూ తిడతారు. నా ఫోన్ బాగలేదా? – ఒంగోలు

జవాబు: ఫోన్ బాగానే ఉంది తమ్ముడూ, వాళ్ళు రాయటమే అట్టా రాశారు. మన సినిమా పాటలు మొదట్నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే సౌండులో మిక్స్ చేస్తారు, మనకి ఆ అలవాటు. నొటేషన్లో మెల్లగా వాయించమని చెప్పటానికి 'పి' అక్షరం వేస్తారు, ఇంకా మెల్లగా అంటే రెండు. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ (ఆర్కెస్ట్రాకి భాగాలుగా రాసే పెద్ద రచన) మొదటి భాగంలో ఒక చోట ఆరు 'పి'లు వేశాడు! క్లారినెట్ పాట సన్నగా సన్నగా తగ్గిపోయి, చివరి నాలుగు స్వరాలు బసూన్ అనే బరువు గొంతు గాలి వాయిద్యం కిందికి దిగతా వినపడీ వినపడనట్టు వదుల్తుంది (చాలామంది కండక్టర్లు అవి బేస్ క్లారినెట్‌కి ఇస్తారు, ఇంకా మెత్తగా వస్తుందని). ఆ వెంటనే ఆర్కెస్ట్రా మొత్తం మీద పడుతుంది. ఆ నిశ్శబ్దం లేకపోతే ఆ దెబ్బకి అర్థం లేదు.

కాబట్టి పని ఇట్టా చెయ్యండి, ముందు ఆ ఢాం అనే చోటికి జరిపి అక్కడ చెవికి హాయిగా ఉండేట్టు సౌండ్ పెట్టుకుని, మళ్ళీ మొదటికొచ్చి ఇంక దాన్ని ముట్టుకోవద్దు. ఫోన్ స్పీకర్లో డబుల్ బేస్‌లు, పెద్ద డ్రమ్ము దాదాపు రావు, అందుకని మంచి ఇయర్‌ఫోన్ గానీ, ఒక మాదిరి స్పీకర్ గానీ కావాలి. ఫ్యాన్ తిరుగుతా ఉంటే, రోడ్డు మీద లారీలు పోతా ఉంటే ఆ మెల్లటి భాగాలు కొట్టుకుపోతాయి, రాత్రి పదిన్నర దాటాక వినండి. యాప్ సెట్టింగ్స్‌లో సౌండ్ లెవెల్ 'లౌడ్' అని ఉంటే తీసెయ్యండి. ఈ సింఫనీకి నేను చెప్పేది లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్‌తో మ్రవిన్‌స్కీ 1960లో చేసిన రికార్డింగ్. ఫిడేళ్ళు కత్తిలా ఉంటాయి, బాకాలు కొంచెం వణుకుతో పాడినట్టు పలుకుతాయి, ఆ కాలం రష్యా ఆర్కెస్ట్రాల గొంతే అది, మొదట వింతగా ఉన్నా తర్వాత అది లేకపోతే చప్పగా అనిపిస్తుంది.

ప్రశ్న: నాకు కర్ణాటక సంగీతం తప్ప ఏమీ తెలియదు. దేంతో మొదలుపెట్టాలి? – నెల్లూరు

జవాబు: షెహరజాదేతో మొదలుపెట్టండమ్మా. రిమ్‌స్కీ కోర్సకోవ్ 1888లో రాశాడు, వెయ్యిన్నొక్క రాత్రుల కథలు, మొత్తం ముప్పావు గంట. మొదట బరువుగా, కోపంగా బాకాలు, అది సుల్తాను. తర్వాత గాలి వాయిద్యాలు మెల్లగా నాలుగు ముక్కలు పలికాక హార్ప్ తోడుగా ఒంటరి ఫిడేలు వస్తుంది, అదే కథ చెప్పే షెహరజాదే. హరికథలో దాసుగారు కథ మధ్యలో ఆగి చిడతలతో ముందుకొచ్చినట్టు ఆ ఫిడేలు నాలుగు భాగాల్లోనూ మళ్ళీ మళ్ళీ వస్తుంది, దాన్ని పట్టుకుంటే ఇంక దారి తప్పరు. ఆయన కుర్రతనంలో నేవీలో ఓడ మీద ఏళ్ళ తరబడి తిరిగినవాడు, మొదటి భాగంలో సముద్రం ఊగటం వినండి, మైపాడు ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చికాగో ఆర్కెస్ట్రాతో ఫ్రిట్జ్ రైనర్ 1960లో చేసింది, ఆమ్‌స్టర్‌డామ్‌లో కొంద్రాషిన్ 1979లో చేసింది, రెండూ బంగారమే, ఫిడేలు కోసమైతే రెండోది.

అంత టైం లేదంటే బరోదిన్ 'మధ్య ఆసియా మైదానాల్లో' వినండి, ఏడెనిమిది నిమిషాలే. వృత్తికి కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఆయన. ఒక రష్యన్ పాట, ఒక తూర్పు దేశపు పాట విడివిడిగా వచ్చి, చివరికి రెండూ ఒకేసారి ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. మన కచేరీలో ఇట్టాంటిది ఉండదు, అందుకే మీకు చెప్తున్నా.

ప్రశ్న: పెళ్ళి వీడియోల్లో వాడే, రష్యా కంపోజర్ షోస్తకోవిచ్ 'జాజ్ సూట్ నంబర్ 2' వాల్ట్జ్ (మూడు దెబ్బల నాట్య సంగీతం) మంచి రికార్డింగ్ ఏది? – సింగరాయకొండ

జవాబు: అది జాజ్ సూట్ (సూట్ అంటే చిన్న చిన్న ముక్కల వరస) కాదు, చాలా ఏళ్ళు ఆ పేరుతో తప్పుగా అచ్చయింది. అసలు జాజ్ సూట్ 2 అనేది 1938 నాటిది, దాని నొటేషన్ యుద్ధంలో పోయింది. మీరు వినేది 'సూట్ ఫర్ వెరైటీ ఆర్కెస్ట్రా'లోది, సాక్సోఫోన్‌తో మొదలయ్యేది. ఆమ్‌స్టర్‌డామ్ ఆర్కెస్ట్రాతో రికార్డో షాయీ చేసింది వెతకండి, దాని అట్ట మీద కూడా పాత పేరే ఉంటుంది కాబట్టి వెతికేటప్పుడు 'జాజ్ సూట్' అనే కొట్టండి.