అరచేతికి కాటుక, పిడికి ఆకురాయి

షూటింగ్ శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మాది విల్లివాక్కం. లేత్ పని చేస్తాను. మా అమ్మాయికి పదిహేనేళ్లు, ఏడాదిన్నరగా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. ఈ మధ్య అప్పు చేసి మరీ సెకండ్ హ్యాండ్‌లో ఒక విదేశీ పిస్టల్ కొన్నాను. క్లబ్బు పిస్టల్‌తో 600కి 540 కొట్టే పిల్ల, సొంతది చేతికొచ్చాక 520 దాటడం లేదు. గుళ్లన్నీ ఎడమకి, కాస్త కిందకి పోతున్నాయి. వీడియోల్లో చూస్తే అమెరికా వాళ్లు ఇంట్లోనే పిస్టల్ విప్పి, బారెల్ గొట్టం బిగించి, ట్రిగ్గర్ ముక్కలు నునుపు చేసి గురి పెంచుకుంటున్నారు. పనితనం నాకూ ఉంది. విప్పమంటారా?

జవాబు: లోపల ఒక్క స్క్రూ కూడా విప్పకండి. పిడి మాత్రం విప్పండి. మీరు చేయగలిగిన పనంతా అందులోనే ఉంది.

ముందు ఆ వీడియోల సంగతి చెప్తాను. మీరు చూసింది ఎక్కువగా 1911 అనే పిస్టల్ గురించి అయి ఉంటుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించాడు, 1911లో అమెరికా సైన్యం తీసుకుంది, పేరు కూడా అలాగే వచ్చింది. అందులో గుండు పేలిన ప్రతిసారీ పైనున్న స్లైడు వెనక్కి పోతుంది, బారెల్ కొంచెం కిందకి వాలి దాన్నుంచి విడిపోతుంది, మళ్లీ ముందుకొచ్చి కూర్చుంటుంది. గురి చూసే సైట్లు స్లైడు మీద ఉంటాయి. బారెల్ ప్రతిసారీ అదే చోట కూర్చోకపోతే, సైట్లు ఒకచోటు చూపిస్తే గుండు మరోచోటికి పోతుంది. అక్కడి పనివాళ్లు స్లైడు వదులు తగ్గించేదీ, బారెల్ మూతి దగ్గర బుష్ అనే కడియం సరిగ్గా అమర్చేదీ అందుకే. మంచి ఫిట్టింగ్ పని అది, కాదనను.

మన ఎయిర్ పిస్టల్లో బారెల్ కదలదు. కాబట్టి బిగించడానికి ఏమీ లేదు. మంచి కంపెనీలు ప్రతి పిస్టల్‌నీ ఫ్యాక్టరీలో బిగించి కాల్చి, ఆ పరీక్ష కాగితాన్ని పెట్టెలో పెట్టి పంపిస్తాయి. మీ పెట్టెలో ఉంటే తీసి చూడండి, ఐదు గుళ్లూ ఇంచుమించు ఒకే రంధ్రంలోంచి పోయి ఉంటాయి. మీరు దాన్ని అంతకంటే బాగు చేయలేరు, నేనూ చేయలేను. తేడా అంతా పిస్టల్ చేతిలో ఎలా కూర్చుందన్న దాంట్లోనే ఉంది.

లేత్ మీద లెక్కలు మీకు అలవాటే కాబట్టి ఒక లెక్క చెప్తాను. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య 33 సెంటీమీటర్లు అనుకుందాం. పది మీటర్లంటే దానికి ముప్ఫై రెట్లు. అమ్మాయి చెయ్యి మొత్తం, సైట్లు సరిగ్గా వరసలో ఉండగానే, ఐదు మిల్లీమీటర్లు పక్కకి జరిగిందనుకోండి. గుండు కూడా ఐదు మిల్లీమీటర్లే జరుగుతుంది. టార్గెట్ నడిమి పది పాయింట్ల గుండ్రం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, కాబట్టి ఇంకా పదే. అదే ముందు సైటు వెనక సైటు గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి పోతే, టార్గెట్ దగ్గర అది 30 మిల్లీమీటర్లవుతుంది. పది కాస్తా ఏడవుతుంది. చెయ్యి వణకడం చూసి పిల్లలూ, పక్కనున్న అమ్మానాన్నలూ టెన్షన్ పడతారు కానీ, అసలు నష్టం మణికట్టు తిరగడం వల్ల. మణికట్టుని తిప్పేది చాలాసార్లు కుదరని పిడే.

పెద్ద పిడిలో చిన్న చెయ్యి ఏం చేస్తుంది? చూపుడు వేలు ట్రిగ్గర్‌ని అందుకోవడానికి అరచెయ్యి మొత్తం పక్కకి తిరుగుతుంది. అప్పుడు కూడా వేలి కొస మాత్రమే తగులుతుంది. ఆ కొస వెనక్కి లాగదు, కుడి చేతివాళ్లకి ఎడమకి నెడుతుంది. మీరు రాసిన ఎడమ, కింద అదే కావచ్చు. మీకంటే ముందు ఆ పిస్టల్ వాడినాయన చెయ్యి ఎంతదో అడగండి. పిడి సైజు ఆయనది, చెయ్యి మీ అమ్మాయిది.

ఇక పని. నేను అంబత్తూరులో ముప్ఫై ఒక్క ఏళ్లు టూల్ రూములో ఫిట్టరుగా చేశాను. రెండు ముక్కలు ఎక్కడ తగులుతున్నాయో చూడాలంటే ఒకదానికి బ్లూ అనే నీలం రంగు ముద్ద పూసి రెండోదాని మీద రుద్దుతాం, మరక పడిన చోట మిట్ట ఉన్నట్టు. పిడికి కూడా అదే పద్ధతి. బ్లూ చేతికి అంటితే నాలుగు రోజులు పోదు కనుక ఇంట్లో కాటుక వాడండి. మా మనవరాలికి పిడి చేసినప్పుడు మా ఆవిడ కాటుక డబ్బీయే తీసుకున్నాను.

పిస్టల్ ఖాళీ అని మీరొకసారి, అమ్మాయి ఒకసారి చూడండి. గాలి సిలిండర్ విప్పి వేరే గదిలో పెట్టండి. అమ్మాయి కుడి అరచేతికి, వేళ్ల లోపలి వైపుకీ కాటుక పలచగా రాయండి, తామరాకు మీద నీటిబొట్టులా ఎక్కడా ముద్దగా నిలవకూడదు. రేంజిలో ఎలా నిలబడుతుందో అలాగే నిలబడి, కళ్లు మూసుకుని, మామూలుగా పట్టుకునే బిగువుతో పది అంకెలు లెక్కపెట్టే దాకా పట్టుకోమనండి. నెమ్మదిగా వేళ్లు విప్పమనండి. ఇప్పుడు పిడిని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూడండి. మా మనవరాలి పిడి మీద బొటనవేలి మొదట్లో కాటుక చిక్కగా, నిగనిగలాడుతూ అంటుకుంది. మధ్యవేలు కొసలో ఒక చుక్క. అరచేతి గుంట ఉండాల్సిన చోట చెక్క చెక్కలాగే ఉంది, రవ్వంత నలుపు లేదు. అంటే పిల్ల మూడు నెలల పాటు పిస్టల్‌ని రెండు చోట్ల మాత్రమే పట్టుకుంది. మధ్యలో అంతా గాలే. ఆ ఖాళీ చూసినప్పుడు, పిల్లని ఇన్నాళ్లూ సరిగా కొట్టడం లేదని నేను కోప్పడిందంతా గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

చిక్కగా అంటిన చోట గుండ్రటి ఆకురాయితో తీయండి. ఒకసారికి పది రాకుల కంటే వద్దు. మళ్లీ కాటుక, మళ్లీ పట్టు, మళ్లీ చూడటం. ఇనుముతో పనిచేసిన చెయ్యి చెక్క మీద తొందరపడుతుంది, వాల్‌నట్ చెక్క మీరనుకున్న దానికంటే త్వరగా దిగుతుంది. అసలు అంటని చోట ఎంసీల్ లాంటి రెండు ముద్దల ఎపాక్సీ నింపండి. ముందు ఆ చోటు గరుకు చేయండి, లేకపోతే నెల రోజుల్లో పెచ్చులా ఊడుతుంది. ముద్ద మెత్తగా ఉండగా అమ్మాయి చేతికి పలచటి గ్లౌజు తొడిగి, దాని మీద కొబ్బరినూనె రాసి, మామూలు పట్టు పట్టించండి. ఒట్టి చేత్తో ఆ ముద్ద ముట్టనివ్వకండి, కొందరికి చర్మం మండి దద్దుర్లొస్తాయి. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు 120 నంబరు ఉప్పుకాగితం, ఆ తర్వాత 240. ఆ దుమ్ము పీల్చకుండా మాస్కు కట్టుకోండి. ఆఖర్న వార్నిష్ కొట్టకండి, మన మద్రాసు చెమటకి జారుతుంది. చెక్క భాగానికి పలచగా అవిసె నూనె పట్టిస్తే చాలు.

నాకు ఇది నాలుగు ఆదివారాల పని అయింది. ఒకే రోజులో ముగించాలని కూర్చోవద్దు. చెయ్యి అలిసిపోయాక పట్టు మారిపోతుంది, మీరు అలిసిన చేతికి పిడి చేస్తారు.

రెండు కొలతలు మర్చిపోవద్దు. పోటీలో పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. అడ్డం యాభై అన్నది జ్ఞాపకం పెట్టుకోండి, ఎంసీల్ మీద మోజు పెరిగితే దాటిపోయేది అదే. పిడి మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదు. బరువు 1500 గ్రాములు మించకూడదు, మీరు నింపేదానితో అంత రాదులెండి.

పిడి కుదిరాకే ట్రిగ్గర్ దగ్గరికి వెళ్లండి, అది కూడా బయటి సర్దుబాట్ల వరకే. ట్రిగ్గర్ రేకుని ముందుకీ వెనక్కీ జరిపే స్క్రూ ఉంటుంది. చూపుడు వేలి మొదటి కణుపు మెత్త నడిమి భాగం రేకు మీద ఆనాలి. మిగతా వేలు చెక్కకి ఎక్కడా తగలకూడదు. వేలికీ చెక్కకీ మధ్య ఒక పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి. బరువు నియమం కనీసం 500 గ్రాములు. బారెల్ నిటారుగా పట్టి, ట్రిగ్గర్‌కి 500 గ్రాముల తూకం తగిలించి లేపితే పేలకుండా లేవాలి. సరిగ్గా ఐదొందలకి పెట్టుకోకండి, పది ఇరవై గ్రాములు ఎక్కువే ఉంచండి.

లోపలి ముక్కలు పాలిష్ చేయొద్దని ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నేను చేశాను కాబట్టి. పద్నాలుగేళ్ల కిందట మా అబ్బాయి పిస్టల్ ట్రిగ్గర్ కాస్త గరగరలాడుతోందని, లోపలి కొక్కెం అంచుని నూనె రాయి మీద నునుపు చేశాను. మొదటి రోజు వెన్నలా కదిలింది. అలాంటి ముక్కలకి పైన మాత్రమే గట్టి పొర ఉంటుంది, లోపల మెత్తటి లోహం. ఆ పొరని నేను తినేశాను, అంచు కోణం కూడా మార్చేశాను. మూడు వారాల తర్వాత మీట మూస్తుండగానే, ఎవరూ ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలింది. మూతి టార్గెట్ వైపు ఉండాలని మొదటి రోజు నేర్పిన అలవాటు వల్ల గుండు ఇసుక పెట్టెలోకి పోయింది. పక్క లేనులో పన్నెండేళ్ల పిల్లవాడు ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఇంకొక్క మాట. సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. చాలా కంపెనీలు పదేళ్లు దాటితే వాడొద్దంటాయి. లోపల 200 బార్ల ఒత్తిడి, బేరాలాడే విషయం కాదు. వాల్వు దగ్గర మామూలు నూనె చుక్క కూడా వేయకండి, అంత ఒత్తిడి గాలిలో నూనె అంటుకోగలదు. చేతి పంపు కొడితే సముద్రపు గాలిలోని తేమ కూడా లోపలికి పోయి తుప్పు పట్టిస్తుంది. ఆరబెట్టిన గాలి నింపే చోటే నింపించండి.

ప్రశ్న: మా నాన్నగారు పోయాక లైసెన్సు నా పేరు మీదకి మార్చుకున్నాను. ఆయన .32 పిస్టల్ ఇప్పుడు నా దగ్గర ఉంది. స్లైడు వదులుగా ఉంది, ట్రిగ్గర్ బరువు. ఇంట్లో చిన్న వైస్, ఆకురాళ్లు ఉన్నాయి. నేనే సరిచేసుకోవచ్చా? (టి.నగర్)

జవాబు: వద్దు బాబూ. ఇది సలహా కాదు, చట్టం. ఉంచుకోవడానికి మీకిచ్చిన లైసెన్సు వేరు, తయారీకీ రిపేరుకీ ఇచ్చే లైసెన్సు వేరు. 1959 నాటి ఆర్మ్స్ యాక్ట్‌లో ఐదో సెక్షన్ దీని గురించే. 2019 సవరణ తర్వాత దాన్ని మీరితే శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. రిపేరు లైసెన్సున్న డీలరు దగ్గరికి, మీ లైసెన్సు పుస్తకంతో సహా తీసుకెళ్లండి. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. పై ప్రశ్నలోని ఎయిర్ పిస్టల్ సంగతి వేరు. 2016 రూల్స్ ప్రకారం .177 సైజు మించకుండా, 20 జౌళ్ల శక్తి మించకుండా ఉండే గాలి తుపాకులకి లైసెన్సు అక్కర్లేదు. అరగ్రాము గుండుని సెకనుకి 150 మీటర్ల వేగంతో పంపే పోటీ పిస్టల్ శక్తి ఆరు జౌళ్ల లోపే. అది కూడా శక్తి పెంచాలని ముట్టుకుంటే మీరు ఆటలోంచి బయటికి వచ్చేసినట్టే.

మీ నాన్నగారి వస్తువు మీద మీకున్న ప్రేమ అర్థమైంది. బయటి పిడి చెక్కలు తీయించి, పాత మురికి తుడిపించి, నూనె పట్టించమని ఆ డీలరునే అడగండి. మీ నాన్నగారి చెయ్యి పడి అరిగిన చోటు ఉంటే మాత్రం దాన్ని గీకనివ్వకండి.

ప్రశ్న: నాకు 52. రెండేళ్లుగా ఎయిర్ పిస్టల్ కొడుతున్నాను. ముందు సైటు మసకగా, టార్గెట్ స్పష్టంగా కనిపిస్తోంది. సైటు మార్చాలా? (నేను కొళత్తూరులో టీచర్ని అని కూడా రాశారు.)

జవాబు: సైటు బాగానే ఉంది టీచరమ్మా, కళ్లద్దాలు మార్చాలి. స్పష్టంగా కనిపించాల్సింది ముందు సైటే, టార్గెట్ మసక నల్ల బంతిలా ఉంటే చాలు. మన వయసులో దూరపు అద్దాలతో చెయ్యి చాచిన దూరం మసకబారుతుంది. చదివే అద్దాలు పెట్టుకుంటే టార్గెట్ అసలు కనబడదు. బైఫోకల్ అయితే తల వంచిన ప్రతిసారీ గురి మారుతుంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు, మీరు చెయ్యి చాచి పట్టుకున్నప్పుడు కంటికీ ముందు సైటుకీ ఎంత దూరమో ఇంట్లో ఎవరిచేతైనా టేపుతో కొలిపించండి. అది సుమారు ఒక మీటరు ఉంటుంది. ఆ అంకె కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. సాధారణంగా మీ దూరపు పవరుకి అర నుంచి ముప్పావు దాకా ప్లస్ కలిపి, గురి పెట్టే కంటికి ఒక్క అద్దం రాస్తారు. పిస్టల్‌ని ఆస్పత్రికి తీసుకెళ్లకండి. ఒక స్కేలు చివర నల్ల కాగితం ముక్క అతికించి, దాన్నే ముందు సైటులా చాచి పట్టుకుని చూపించండి.