380 చవకగ వస్తున్నదని ఉరకకు తమ్మీ

మిర్యాలగూడ నుంచి డాలస్‌కు వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే పాత మెర్సిడెస్ కన్వర్టబుల్ మీద మనసు పడ్డది. తప్పేం లేదు. గాని 1982 మోడల్ 380 ఎస్‌ఎల్ అగ్గువకు వస్తున్నది, 560 ఎస్‌ఎల్‌కు రెండింతలు అడుగుతున్నరు, తక్కువ పడితే నాయినకు చెప్పి సాగర్ రోడ్డు కాడి ప్లాటు అమ్మిపిస్త అని రాసినవ్ సూడు, నాకు కండ్ల పడ్డది ఆ ఒక్క ముక్కనే. ప్లాటు జోలికి పోకు. ఆ 82 బండి జోలికి అస్సలే పోకు.

ఎందుకో చెప్త. అమెరికాల 380ని 1981 నుంచి 1985 దాకా అమ్మిండ్రు. 3.8 లీటర్ల వీ8, 155 హార్స్‌పవర్. 81, 82, 83 మోడళ్లకు టైమింగ్ చైన్, అంటె వాల్వులు టైముకు తెరిచి మూసేటట్టు క్యామ్‌లను తిప్పే గొలుసు, ఒంటి వరుసది. అంత ఇంజన్‌కు ఆ చైన్ అంటె మోటబాయికి అరిగిన తాడు కట్టినట్టే. చైన్ సాగుతది. దాన్ని పట్టి నడిపే ప్లాస్టిక్ గైడ్ రైళ్లు నూనె వేడికి పెళుసుబారి విరుగుతయ్. ముక్క పోయి చైన్‌కు, స్ప్రాకెట్‌కు నడుమ పడితే చైన్ పండ్లు దాటుతది, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతయ్. ఇగ హెడ్డు విప్పుడే. ఆ బిల్లు ముందర నువ్వు మిగిలిచ్చిన అనుకున్న పైసలు ఏ మూలకూ రావు.

1984 నుంచి రెండు వరుసల చైన్ వచ్చింది. పాతవాటికి కొందరు తర్వాత మార్పిచ్చిండ్రు కూడ. "మార్పిచ్చినం" అన్న మాట చాలదు, పార్టుల బిల్లు సూపియ్యమను, లేకుంటె వాల్వ్ కవర్ తీయించి నీ కండ్లతోని చూడు. ప్రకటనల 84 అని ఉంటది, ముందటి అద్దం కింద మూలకున్న 17 అక్షరాల విన్ (బండి గుర్తింపు) నంబర్ల పదో అక్షరం డి ఉంటది. డి అంటె 83. ఇ ఉంటె 84, ఎఫ్ ఉంటె 85.

560ది 1986 నుంచి 1989 దాకా వచ్చిన 5.5 లీటర్ల ఇంజన్, 227 హార్స్‌పవర్, చైన్ రెండు వరుసలది. బిల్లులు దాచిపెట్టిన మనిషి దగ్గర దొరికితే ఎక్కువ పెట్టొచ్చు. అంత లేదంటె 84, 85 మోడల్ 380 తీస్కో, వేగం తక్కువైనా నిద్ర పడ్తది. 1973 నుంచి 80 దాకా వచ్చిన 450 ఇంజన్ గట్టిదే గాని, గేర్లు మూడే. చివరి ఏండ్ల బండ్ల ఏసీ సర్వో (చల్లగాలిని, వేడిగాలిని మార్చే భాగం) పాడైతే డాలసు ఎండల నీకు తెలుస్తది.

చూడవోయినప్పుడు ముందుగాల బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగుంటె ఇంకో పొద్దు వస్త అని చెప్పి వచ్చెయ్. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు నీలి పొగ కొంచెం వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, అది చిన్న పని. ఆగకుండ వస్తే వాల్వ్ గైడ్లు అరిగి ఉండొచ్చు, అది హెడ్డు పని. వేడెక్కినంక ఐడిల్‌ల ఆయిల్ ప్రెషర్ ముల్లు 0.5 బార్ కంటె కిందికి పోవద్దు, కొద్దిగ రేస్ ఇయ్యంగనే 3కు తగలాలె. తర్వాత బంద్ చేసి అర్ధగంట కూసొని మళ్ల స్టార్ట్ చెయ్యి. శానసేపు తిప్పితేగాని అందుకోలేదంటె బంద్ చేసినంక పెట్రోల్ ప్రెషర్‌ను పట్టి ఉంచే ఫ్యూయల్ అక్యుములేటరో, పంపు చెక్ వాల్వో పోయినట్టు.

అసలు పరీక్ష మెకానిక్‌తోని చేపియ్యి, ఆ ఫీజు కాడ పిసినారితనం చెయ్యకు. ఇంజన్ చల్లగున్నప్పుడు వాల్వ్ కవర్ తీసి, క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి ఇంజన్ తిరిగే దిక్కుకే చేత్తో తిప్పాలె, ఎనుకకు తిప్పొద్దు. క్యామ్ గీత, దాన్ని పట్టుకునే టవర్ మీది గీత కలిసినకాడ ఆపి, కింద క్రాంక్‌కున్న డిగ్రీల గీతల చక్రం, బ్యాలెన్సర్ మీద ఎన్ని డిగ్రీలు చూపిస్తున్నదో చూడమను. సున్నా దగ్గరుంటె చైన్ మంచిగున్నట్టు. 10 దాటితే మార్చాల్సిందే. కవర్ తీసినప్పుడే గైడ్ రైళ్ల రంగు చూడు: కొత్తవి తెల్లగుంటయ్, పెళుసుబారినవి ముదురు గోధుమ రంగుకు తిరుగుతయ్. క్యామ్‌లకు నూనె పోసే గొట్టాల ప్లాస్టిక్ క్లిప్పులు విరిగినయేమో అది కూడ అప్పుడే చూస్కోవచ్చు.

టాపు చేత్తో తీసేదే, హైడ్రాలిక్ ఖర్చు లేదు. తుప్పు కోసం జాకీ పెట్టే చోట్లు, కాళ్ల కింది చాపల అడుగు చూడు. టైటిల్ (బండి యాజమాన్య పత్రం), పొగ పరీక్ష రూల్స్ మీ రాష్ట్రం సైట్ల ఉంటయ్, చదువుకో. ఇన్సూరెన్స్ కంపెనీతోని బండి విలువ ముందే ఒప్పుకొని రాసిన పాలసీ తీస్కో. రోజూ తిరగనీకె వేరే కారు లేకుంటె అసొంటి పాలసీ ఇయ్యరు, గందుకే ముందు ఆఫీసుకు పోయే కారు అప్పు తీరనియ్యి.

ఇగ ధర. బండి ధరల మూడో వంతు నీ బ్యాంకుల మిగలకుంటె కొనకు. నాయినిచ్చిన పైసలు ఆ లెక్కల కలుపకు. చైన్ 10 డిగ్రీలు దాటితే ఆ మార్పు ఖర్చు మెకానిక్‌తోని రాయించి, ధరల కొయ్యమని అడుగు. కొయ్యనంటె తాళం చేతుల పెట్టి వచ్చెయ్.