రాని ఫెలోషిప్‌కు ముందే రాజీనామా

ప్రశ్న: నా వయసు 38. గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్‌ని. జీతం చేతికి 44,000. నా భార్య ఇంట్లో కుట్టుపని చేస్తుంది, నెలకు 8,000 దాకా వస్తాయి. ఇద్దరు పిల్లలు. అమ్మ కూడా మాతోనే ఉంటుంది, ఆవిడకు షుగరు. ఇంటి ఖర్చు 36,000. చెల్లెలి పెళ్లి అప్పు నిరుడే తీరింది, ఎఫ్‌డీలో 90,000 ఉన్నాయి. కృష్ణా కాలువల్లో పడవలు నడిపిన కుటుంబాల మీద పుస్తకం రాయాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ప్రాంతీయ భాషల రచయితలకు ఇచ్చే ఒక ఫెలోషిప్‌కు దరఖాస్తు చేస్తున్నాను. ఏడాదికి 3,60,000 ఇస్తారు. నిబంధనలు మీకు పంపుతున్నాను. వచ్చే నెల ఉద్యోగం మానేసి పని మొదలుపెడదామనుకుంటున్నాను. కెమెరాకు, ప్రయాణాలకు తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాను. కెమెరాకు 65,000 అయ్యాయి. ఫెలోషిప్ రాగానే అప్పు తీర్చేస్తాను. నా ప్లాన్ సరైనదేనా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: కాదండీ. పుస్తకం ఆలోచన బాగుంది. మా తాతయ్య బెజవాడ నుంచి బందరు కాలువ మీద పడవలో వెళ్లిన సంగతి చిన్నప్పుడు వందసార్లు చెప్పి ఉంటాడు, రాసి పెట్టుకున్నవాళ్లం మాత్రం మా ఇంట్లో ఎవరం లేము. కాబట్టి మీరు రాయాలి. కానీ డబ్బు సంగతిలో మీరు చేసింది ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఇంకా దరఖాస్తే పంపలేదు, అప్పుడే రాజీనామా, అప్పు రెండూనా?

ఈ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. రచయితలే కాదు, డాక్యుమెంటరీలు తీసేవాళ్లు, పీహెచ్‌డీ చేసేవాళ్లు కూడా ఇదే పొరపాటు చేస్తున్నారు. ఫెలోషిప్‌ను జీతంలా చూస్తారు. 3,60,000ను 12తో భాగించి, నెలకు 30,000 వస్తాయి కదా అని ధైర్యపడతారు. అది ఒకటో తారీఖున అకౌంట్లో పడే డబ్బు కాదు. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్‌నే తీసుకోండి. లెక్క నెలకు 10,000 చొప్పున రెండేళ్లకు, చెల్లింపు మాత్రం ఆరు నెలలకోసారి.

మీరు పంపిన నిబంధనల్లో కూడా అంతే. ఒప్పందం మీద సంతకం పెట్టాక 40 శాతం, ఆరు నెలల నివేదికను ఆమోదించాక 30, రాతప్రతి అందాక మిగతా 30. అంటే మొదటి వాయిదా 1,44,000. మీ అప్పు 2,00,000. 'రాగానే తీర్చేస్తాను' అన్న మాట అక్కడే కూలిపోయింది.

ఇంటి లెక్క చూద్దాం. జీతం లేకపోతే, మీ ఆవిడ సంపాదన పోగా నెలకు 28,000 కావాలి. వడ్డీ 4,000. దుగ్గిరాల, రేపల్లె, పెదగంజాం తిరగడానికి 6,000 అనుకుందాం. మొత్తం 38,000. మొదటి వాయిదా డబ్బు నాలుగో నెలకే అయిపోతుంది. ఆరో నెలలో నివేదిక ఇస్తారు, కమిటీ ఎప్పుడో కూర్చుంటుంది, చదువుతుంది, సందేహాలు అడుగుతుంది. రెండో వాయిదా ఎనిమిదో నెలలో వచ్చిందనుకున్నా మధ్యలో నాలుగు నెలలు ఖాళీ. ఆ లక్షన్నర ఎక్కడిది? ఇంకో రెండు రూపాయల అప్పా? వడ్డీ ఏడాదికి 48,000. ఫెలోషిప్‌లో ప్రతి ఏడున్నర రూపాయలకు ఒక రూపాయి అప్పిచ్చినాయన జేబులోకి పోతుంది. ఆయనేమీ పుస్తకం రాయడం లేదు.

మీకు లేనిది అత్యవసర నిధి. నా దగ్గరికి వచ్చే ప్రతివారికీ ఇదే చెబుతానని మా ఆఫీసులో నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆరు నెలల ఖర్చు, అంటే 2,16,000, ఎవరి సంతకం, ఎవరి ఆమోదం అక్కర్లేకుండా మీ చేతికి అందేచోట ఉండాలి. 90,000 ఉన్నాయి, ఇంకా 1,26,000 కావాలి. అమ్మగారు ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే ఇప్పుడున్న 90,000 ఎంతసేపు? అది లేకుండా రాయడానికి కూర్చుంటే పేజీ మీద దృష్టి ఉండదు, ఫోను మీద ఉంటుంది. ఆ టెన్షన్‌తో వాయిదా కోసం నివేదికను హడావిడిగా రాసి పంపుతారు, అది తిరిగొస్తుంది, వాయిదా ఇంకా వెనక్కి పోతుంది. ఇలా ఇరుక్కున్నవాళ్లను చూశాను.

అసలు ఉద్యోగం మానాలని ఎవరన్నారు? నిబంధనలు రెండుసార్లు చదివాను. 'ప్రాజెక్టుకు తగినంత సమయం కేటాయించాలి' అని ఉంది, అంతే. నిర్వాహకులకు మెయిల్ పెట్టి స్పష్టంగా అడగండి. ఎంపికైతే ప్రిన్సిపాల్‌ను జీతం లేని సెలవు అడగండి. ఒప్పుకోకపోతే వారానికి కొన్ని క్లాసులైనా ఉంచుకోండి. విద్యాసంవత్సరం మధ్యలో మానేసిన లెక్చరర్‌కు మళ్లీ జూన్ దాకా తలుపు తెరుచుకోదని మీకు నేను చెప్పాలా!

దరఖాస్తు మాత్రం ఇప్పుడే పంపండి. దానికి అడిగేది ఒక నమూనా అధ్యాయం, దానికోసం ఉద్యోగం మానక్కర్లేదు. ఆదివారం తెనాలి మీదుగా రేపల్లె రైలెక్కితే టికెట్టు ఎంతని? ఇద్దరు పెద్దవాళ్లతో మాట్లాడి రండి. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు తిరగేయండి. 1918 నాటి గ్రంథాలయం అది, మీ విషయానికి మీ కెమెరా కన్నా ఎక్కువ పనికొస్తుంది.

కెమెరా పోగా మిగిలిన 1,35,000 ఈ వారమే తిరిగి ఇచ్చేయండి. 65,000 అప్పు మిగులుతుంది. నెలకు 13,000 చొప్పున అయిదు నెలల్లో జీతంలోంచే తీరిపోతుంది, మీ ఇంట్లో నెలకు 16,000 మిగులుతోంది కదా. ఆ తర్వాత ఆ 16,000 మొత్తం నిధికి, ఎనిమిది నెలలు. ఫలితం ఈలోపే వస్తే మొదటి వాయిదాలో లక్ష పక్కన పెట్టి, సెలవు ఆరు నెలలకే తీసుకోండి. బంగారం తాకట్టు మీద ఈ అప్పు మార్చుకోవచ్చా అంటే, వడ్డీ తగ్గుతుంది కానీ మీకు ఆ అవసరం లేదు. పీఎఫ్ ముట్టుకోకండి.

కాలేజీ గ్రూపు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. జీతం వస్తుండగానే మీ నలుగురికీ సొంత పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మగారికి విడిగా తీసుకోండి, షుగరుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా దాని చికిత్స ఖర్చు బీమా ఇవ్వదు, కాబట్టి ఆలస్యం వద్దు. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా, కూడా అంతే, ఆదాయ రుజువు అడుగుతారు, జీతం స్లిప్పులు చేతిలో ఉన్నప్పుడే పని అవుతుంది. ఫెలోషిప్ డబ్బుకు పన్ను సంగతి మీ ఆడిటర్‌ను అడగండి.

అప్పిచ్చినాయనకు ప్రోనోటు రాసిచ్చి ఉంటారు. 1,35,000 ఇచ్చిన రోజే దాని వెనక జమ రాయించుకోండి. చివరి 13,000 చేతిలో పెట్టేటప్పుడు నోటు వెనక్కి తీసుకోండి, 'తర్వాత ఇస్తాలే' అంటే డబ్బు కూడా తర్వాతే ఇస్తానని చెప్పండి.