టిక్కుమంటున్న హార్డ్‌డిస్క్ గురించి తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

మూడు పెళ్లిళ్ల ఫొటోలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ బల్ల మీద నుంచి పడిందనీ, కంప్యూటరుకు పెడితే టిక్కు టిక్కుమంటోందే తప్ప తెరుచుకోవడం లేదనీ నువ్వు పంపిన మెసేజ్ చూశాను. నిన్నటి నుంచి పదిహేనుసార్లు పెట్టి తీశానని కూడా రాశావు. పదహారోసారి పెట్టకముందే నీకు అందాలని ఈ ఉత్తరం రాత్రికి రాత్రే రాస్తున్నాను.

ఆ చప్పుడు ఎక్కడిదో తెలిస్తే దాన్ని మళ్లీ పెట్టడానికి నీకే చెయ్యి రాదు. లోపల అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి. ఇలాంటి చిన్న డిస్కుల్లో అవి సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతాయి. వాటిని చదివే హెడ్ పళ్లేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. పడిన దెబ్బకు హెడ్ పాడైతే తానెక్కడున్నదీ పోల్చుకోలేక వెనక్కి వచ్చి మళ్లీ వెతుకుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. నువ్వు వింటున్న టిక్కు అదే. ఆ హెడ్ పళ్లేన్ని గీరితే, గీరుకుపోయిన చోట ఉన్న ఫొటోను ఎంత పెద్ద నిపుణుడైనా తిరిగి తేలేడు. అందుచేత ఈ స్థితిలో ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ నడపకు. కాసేపు ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరో చెబితే ఒకప్పుడు నేనూ పెట్టాను. బయటికి తీసిన ఐదు నిమిషాలకు దాని ఒంటి నిండా నీటి బొట్లు పట్టాయి, అందులో ఉన్న తలంబ్రాల ఫొటోలు నాకు ఇక దక్కలేదు.

డిస్కు కంటే ముందు నువ్వు చూడవలసినవి మెమరీ కార్డులు. కెమెరాలో కార్డు ఫార్మాట్ చేసినప్పుడు చాలావరకు చెరిగిపోయేది ఫైళ్ల పట్టిక మాత్రమే. వాటి మీద కొత్త ఫొటోలు పడేవరకు పాతవి లోపల అలాగే ఉండే అవకాశం ఎక్కువ. ఆ మూడు పెళ్లిళ్లకు వాడిన కార్డులన్నిటినీ ఇవాళే పక్కన పెట్టి, ఎల్లుండి ముహూర్తానికి అవసరమైతే కొత్తవి కొనుక్కో. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో వాటిని వెతికించు, దొరికినవాటిని ఆ కార్డులోకే కాకుండా వేరే డిస్కులోకి తీయించు. ఫైళ్ల పేర్లు పోతాయి గానీ బొమ్మలు వస్తాయి. ఈ దారిలోనే సగానికి పైగా బయటపడితే, పాడైన డిస్కుల నుంచి డేటా తీసిచ్చే రికవరీ సెంటరువాళ్లతో బేరమాడడానికి నీకు ధైర్యం ఉంటుంది.

సెంటరుకు వెళ్లినప్పుడు డిస్కును అక్కడే తెరుస్తారా, వేరే ఊరికి పంపుతారా అని అడుగు. దుమ్ము లేని గదీ, పాడైనవాటి స్థానంలో పెట్టడానికి సరిపడే హెడ్లూ లేనివాడి చేతికి ఇవ్వకు. డేటా రాకపోతే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకో. అన్నిటికంటే ముందు కావలసిన ఫోల్డర్లు ఏవో వరసగా రాసి ఇవ్వు.

అన్ని డిస్కులూ ఇలా చావవు కనుక రేపటి కోసం మరో మాట. చప్పుడు లేకుండా, వెలుగూ లేకుండా ఉంటే ముందు కేబుల్ మార్చి, మధ్యలో ఉన్న యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటరుకు పెట్టి చూడు. చిన్న డిస్కులు కరెంటు కూడా ఆ యూఎస్‌బీ నుంచే తీసుకుంటాయి. డిస్కు కనిపిస్తూ ఫార్మాట్ చేయమని అడిగితే ఒప్పుకోకు, డిస్కులో తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రాము చెక్‌డిస్క్‌నూ నడపకు. మొదట డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో డిస్కు మొత్తానికి ఒక నకలు తీయాలి. అది తేలిగ్గా వచ్చే భాగాలను ముందు తీసుకుని, మొండికేసే చోట్లకు చివర తిరిగి వస్తుంది. టెస్ట్‌డిస్క్ లాంటి రికవరీ ప్రోగ్రాములతో చేసే ప్రయోగాలన్నీ ఆ నకలు మీదే చెయ్యి.

ఇక బ్యాకప్. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్, అంటే మన వృత్తివాడే, ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఉంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. 200 జీబీ పెళ్లిని 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో క్లౌడ్‌కు ఎక్కించాలంటే సుమారు 22 గంటలు పడుతుంది. కనుక అసలు ఫైళ్లు స్టూడియోలో ఒక డిస్కులో, మీ ఇంట్లో మరో డిస్కులో ఉంచి, ఆల్బమ్‌కు ఎంచినవి మాత్రం క్లౌడ్‌కు పంపు. క్లౌడ్‌తో దానంతటదే సింక్ అయ్యే ఫోల్డరును బ్యాకప్ అనుకోకు, ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. రెండు డిస్కుల్లోనూ జీలకర్ర బెల్లం ఫొటో తెరిచి కళ్లారా చూసుకున్నాకే కార్డు ఖాళీ చెయ్యి. నెలకోసారి డిస్కు ఆరోగ్యాన్ని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో చూడు, కానీ కింద పడేదాన్ని అది ముందుగా చెప్పలేదు.

పెళ్లివారికి విషయం నువ్వే చెప్పు, ఆల్బమ్ గడువు దాటాక వాళ్లు అడిగేదాకా ఆగకు. కార్డులు పక్కన పెట్టాక నాకు ఫోన్ చెయ్యి. డిస్కు చప్పుడు వినిపించడానికని మాత్రం దానికి మళ్లీ కరెంటు ఇవ్వకు. ఆ టిక్కు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇట్లు,
మీ అన్నయ్య